ఆరు చీరల్లో ఒక మంగళవారం

ఒక మనిషికి ఆలోచించడం తెలుసో లేదో ఒక్క పూటలో తేల్చమని నన్ను అడిగింది జీవితంలో ఒక్కసారే. తేల్చాను. పొరపాటు పడబోయి సర్దుకున్నాను గానీ, తేల్చింది మాత్రం సరిగానే తేల్చాను.

యుద్ధం ముగింపుకొస్తున్న రోజులు. నాకు ముప్ఫై ఇంకా నిండలేదు. మద్రాసు నుంచి వచ్చే ఒక దినపత్రికకు బెజవాడ విలేకరిని. ఆనకట్ట దగ్గర నీటిమట్టం, ధాన్యం ధరలు, ఆలస్యంగా వచ్చిన రైళ్ళు, మునిసిపల్ మీటింగులో ఎవరు ఎవరిని ఏమన్నారు, ఇదీ నా రోజువారీ సరుకు. ఊళ్ళో చాలామందికి నేను తెలుసు. అయితే ఎవరి ఇంట్లోనూ భోజనం చేసేటంత చనువు పెట్టుకోలేదు. ఆ సంగతి గమనించిన వాళ్ళలో నేతపనివాళ్ళ సంఘం కార్యదర్శి ఒకరు.

సంఘం డిపో వన్‌టౌన్‌లో ఒక మేడ మీద ఉండేది. బందరు రోడ్డులో పటమట దాటి వెళితే కాలువ వెంట ఉన్న నేతవాళ్ళ ఊళ్ళ నుంచి చీరలు అక్కడికి చేరేవి. అక్కడ చూసి, మడతపెట్టి, బేళ్ళు కట్టి రైలుకి వేసేవారు. చూసే మనిషిని ఎగ్జామినరు అనేవారు. ఉన్న ఎగ్జామినరు చూపు మందగించి మానుకున్నాడు. అదే సమయంలో పై ఊళ్ళకు పంపిన చీరల్లో కొన్ని తిరిగొచ్చాయి. చీర వెడల్పున, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, బొటనవేలంత మందాన మసకగా ఒక అడ్డచార. కట్టుకుంటే కుచ్చిళ్ళలో కనబడేది కాదు. మడత విప్పి వెలుతురుకు పడితే మాత్రం కనబడేది. పైఊరి వ్యాపారి మడత విప్పే కొంటాడు.

"మిల్లు నూలు అండీ, ఇంకేముంది," అనేవారు సంఘం అధ్యక్షులు. "యుద్ధం పేరు చెప్పి చెత్త నూలు మన మొహాన కొడుతున్నారు. మీ పేపర్లో వెయ్యండి."

ముందు సంగతి తేలనివ్వమన్నాను. అప్పుడే కార్యదర్శి నన్ను పక్కకు పిలిచి, కొత్త ఎగ్జామినరును ఎంచేటప్పుడు మూడో మనిషిగా కూర్చోమని అడిగారు.

"నాకు చీరల గురించి ఏం తెలుసండీ?"

"తెలియకపోతేనే మంచిది. మీరు ఎవరికీ చుట్టం కాదు. మా వాళ్ళలో ఎవర్ని కూర్చోబెట్టినా, వచ్చినవాడికి మేనమామో బావమరిదో అయి కూర్చుంటాడు."

ఆ మాటతో ఒప్పుకున్నాను. పరీక్ష ఎలా పెట్టాలన్నది కూడా నన్నే అడిగారు. పది చీరలు బల్ల మీద పెడదాం, లోపాలు ఎక్కడున్నాయో చెప్పమందాం అన్నారు వాళ్ళు. అంతవరకూ బాగానే ఉంది. ఆ లోపం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి అని రెండో ప్రశ్న నేను చేర్చాను. మా పని అలాంటిది. రైలు పట్టాలు తప్పిందని ఎవరైనా చెబుతారు. ఎందుకు తప్పిందని అడిగేసరికే మనుషులు విడిపోతారు.

పరీక్షకు ఇద్దరు నిలిచారు. ఒకతను బందరు కాలేజీలో బీఏ ప్యాసైన కుర్రవాడు, రైతుల ఇంటివాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం, మొహంలో ఒక రకమైన నవ్వు. చేనేత మీద ప్రభుత్వం వేసిన పుస్తకం చదివి వచ్చాడు. ఈ ఉద్యోగం రాకపోతే మరొకటి వస్తుందని అతను కూర్చునే తీరే చెప్పేది.

రెండోవాడు నలభై దాటిన నేతగాడు. పదేళ్ళ వయసు నుంచి మగ్గం గుంటలో కూర్చున్నవాడు. కుడి మోకాలు పట్టేసి ఏడాదవుతోంది. గుంటలోకి కాళ్ళు దించి తొక్కుడుచెక్కలు తొక్కలేడు. ఇంటి మగ్గం తమ్ముడి చేతికి వెళ్ళింది. తాను భార్య పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాడు. ఆ వీధిలో కండెలు చుట్టడం ఆడవాళ్ళ పని, ముసలివాళ్ళ పని. ఈ ఉద్యోగం తప్పితే గూడ్సు షెడ్డులో బస్తాలు మోయాలి, దానికీ మోకాలు కావాలి. కార్యదర్శి ఇదంతా ముందే నాకు చెప్పి, "కానీ జాలిపడి మార్కులు వెయ్యకండి," అన్నారు. వెయ్యనన్నాను.

అతను లోపలికి వస్తూనే అధ్యక్షులకు దణ్ణం పెట్టాడు. "బాబాయిగారూ, బాగున్నారా?"

"ఇక్కడ నేను బాబాయిని కాదోయ్," అన్నారు అధ్యక్షులు. "ఇక్కడ నువ్వు అబ్బాయివీ కాదు. కూర్చో."

"చిత్తం. కూర్చుంటే లేవడం కష్టమండి. నిలబడే చూస్తాను."

అధ్యక్షులు కూడా నేత కులంవారే. తండ్రి మగ్గం నేశాడు, తాను బట్టల వ్యాపారంలోకి వచ్చి పైకెదిగారు. మాట కటువు, మనసులో అనుమానం ఎక్కువ. నూలు కంట్రోలు వచ్చాక ఆ అనుమానం రెట్టింపైంది. సంఘం ఇచ్చిన నూలును నేతగాళ్ళు బయటి వర్తకులకు మళ్ళిస్తారేమోనని ఆయనకు నిద్రపట్టేది కాదు.

పది చీరలు పొడుగాటి బల్ల మీద పెట్టారు. ఒక్కొక్కదానికీ ఒక చీటీ కుట్టి ఉంది. ఏ మగ్గానిది, ఏ రోజు మగ్గం మీద నుంచి కోశారు అన్న వివరాలు అందులో ఉన్నాయి. ఒక్కొక్కరికీ గంటన్నర సమయం. ముందు బీఏ కుర్రవాడు.

అతను బాగా చేశాడు. ఆ మాట ఇప్పటికీ అంటాను. ప్రతి చీరా కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు పట్టాడు. తెగిన పోగులు, అతుకులు, అంచు వంకర, గంజి మరకలు, అన్నీ గళ్ళు గీసి రాశాడు. ఆరు చీరల్లో అడ్డచార ఉందని గుర్తించాడు. కారణం అన్న గడిలో ఆరుసార్లూ 'నూలు లోపం' అని రాశాడు. అధ్యక్షుల మొహం విచ్చుకుంది.

"చూశారా? చదువుకున్నవాడికి తెలిసింది."

నేను కాయితం మీద అతనికి మంచి మార్కులే వేశాను. దస్తూరీ శుభ్రంగా ఉంటే నమ్మేయడం మా వృత్తిలో ఉన్న జబ్బు.

తర్వాత నేతగాడు. మొదటి అరగంట అతను ఒక్క అక్షరం రాయలేదు. చీరలన్నీ ఒకసారి చకచకా విప్పి చూసి, అడ్డచార ఉన్న ఆరింటినీ ఒక పక్కకు తీశాడు. మిగిలిన నాలుగింటిలో తెగిన పోగుల్లాంటివి నోటితో చెప్పేశాడు, కార్యదర్శి రాసుకున్నారు. కుర్రవాడు పట్టుకున్న గంజి మరకలు రెండు ఇతను వదిలేశాడు. ఆ తర్వాత ఆరు చీరల చివరలు పట్టుకుని, మోచేతితో మూరలు కొలవడం మొదలుపెట్టాడు. చీర కొస నుంచి చార దాకా. ఒక్కొక్కటీ కొలిచి, చీటీ చూసి, పెదవులు కదుపుతూ లెక్క వేసుకుని, పక్కన పెట్టేవాడు.

"చీర పొడుగు తగ్గిందేమోనని కొలుస్తున్నావా?" అన్నారు అధ్యక్షులు.

"పొడుగు సరిగ్గానే ఉందండి," అని అతను తలెత్తకుండా అన్నాడు. కొంతసేపటికి, "పంచాంగం ఉందాండీ?" అని అడిగాడు.

అధ్యక్షులు నా వైపు చూశారు. "మావాడు ఉద్యోగంలో చేరడానికి ముహూర్తం చూసుకుంటున్నాడు."

కార్యదర్శి సొరుగులోంచి పంచాంగం తీసి ఇచ్చారు. అతను ఒక పేజీ తెరిచి వేలు పెట్టి చూసి మూసేశాడు. గడియారంలో ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి.

"అయిందండి."

"ఏమయింది? కారణం చెప్పు," అన్నాను నేను.

"ముందు ఇది నూలు కాదండి."

అధ్యక్షులు కుర్చీలో ముందుకు వంగారు. "ఎలా కాదు?"

"నూలు చెడ్డదైతే చెడ్డ కండె వచ్చినప్పుడల్లా చార రావాలి కదండీ. ఒక చీరకి రెండుండాలి, మరోదానికి నాలుగుండాలి. ఈ ఆరింటికీ ఒక్కొక్కటే ఉంది. పైగా ఆరూ ఆరు మగ్గాలవి. నూలు ఆరిళ్ళలోనూ మాట్లాడుకుని ఒక్కొక్కసారే చెడిపోదు."

బీఏ కుర్రవాడు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. అతన్ని బయటికి వెళ్ళమని ఎవరికీ తోచలేదు.

"మరి?"

"మా ఊళ్ళో రోజుకి నాలుగు మూరలు నేస్తామండి. ఒకడు కాస్త ఎక్కువ, ఒకడు కాస్త తక్కువ, నాలుగనుకోండి. ఇదిగో ఈ చీర గురువారం కోశారు. చార కొస నుంచి ఎనిమిది మూరల దగ్గరుంది. అంటే చార తర్వాత రెండు రోజులు నేశాడు, బుధవారం, గురువారం. ఈ రెండోది శుక్రవారం కోశారు. చార పన్నెండు మూరల్లో. మూడు రోజులు. బుధ, గురు, శుక్ర. ఈ మూడోది బుధవారం కోశారు, చార నాలుగు మూరల్లోనే ఉంది. మిగతా మూడూ అంతేనండి. ఎక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టినా మంగళవారం దగ్గరికే వస్తోంది."

నేను నా పెన్సిల్ తీసి కాయితం మీద అదే లెక్క వేశాను. సరిపోయింది. ఆరూ సరిపోయాయి. అంతకుముందు వేసిన మార్కుల మీద అడ్డగీత కొట్టింది అప్పుడే.

"మంగళవారం ఏమైంది?" అన్నాను.

"అమావాస్యండి. మేం మగ్గం ఎక్కం."

అధ్యక్షులు వెనక్కి వాలారు. "అమావాస్యకి మగ్గం ఎక్కకపోవడం మీ తాతలనాటి నుంచీ ఉంది. మా తాతలనాటి నుంచీ ఉంది. అప్పుడు లేని చార ఇప్పుడెందుకొచ్చింది?"

నిజానికి ఆయన అడిగిన ప్రశ్న గట్టిది. నేతగాడు వెంటనే జవాబు చెప్పలేదు. తెలియక కాదని అతని మొహం చూస్తేనే తెలిసింది. చెబితే ఏమవుతుందో ఆలోచిస్తున్నాడు. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా పరిచే పోగులు; వాటి కొసను ఒక తాడుకు కట్టి, ఆ తాడును నేలలో పాతిన గుంజకు బిగిస్తారు. ప్రతి సాయంత్రం మగ్గం దిగేటప్పుడు ఆ తాడు ముడి కాస్త వదులు చేస్తారు. అమావాస్య ముందురోజు ఇంకొంచెం వదులు చేస్తారు. ఇదంతా అతను ఆ తర్వాత నాకు వివరంగా చెప్పాడు. ఆ గదిలో మాత్రం ఒక్క వాక్యం అన్నాడు.

"అప్పుడు ముడి మీద లక్కముద్ర లేదు కదండీ."

ఆ ముద్ర అధ్యక్షుల ఆలోచన. అమావాస్య సెలవు రోజున, మగ్గాలు చూసి వెళ్ళే సంఘం మేస్త్రీ వీధిలోకి రాడు. ఆ ఒక్క రోజులో పడుగు మార్చేసి బయటి వర్తకుడి పడుగు ఎక్కిస్తారేమోనని, ముందురోజు సాయంత్రం, వదులు ముడి జారిపోతుందని బిగి మీదే, ప్రతి తాడు ముడికీ లక్క పోయించి ముద్ర వేయించేవారు. మర్నాడు కాక ఆ పైరోజు ఉదయం మేస్త్రీ వచ్చి చూసి ముద్ర తీస్తేనే మగ్గం ఎక్కాలి. అంటే ఒక పగలూ రెండు రాత్రులూ పడుగు బిగి మీదే ఉండిపోయేది. కాలువ పక్క చెమ్మలో, గట్టిగా లాగి కట్టినట్టు. తర్వాత నేసిన మొదటి వేలెడు బట్ట ఆ సాగిన పోగుల మీద పడి చారగా తేలేది.

కార్యదర్శి గడియారం వైపు చూశారు. నేను అధ్యక్షుల వైపు చూశాను.

"అంటే తప్పు నాదంటావు," అన్నారు ఆయన.

"తప్పు ఎవరిదని అడగలేదు కదండీ. ఎందుకొచ్చిందని అడిగారు."

"ఉద్యోగం ఇచ్చేవాణ్ణి నేను. తెలుసా?"

"తెలుసండి. అందుకే కాసేపు ఆగాను."

తలుపు దగ్గరి కుర్రవాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అధ్యక్షులు అతని వైపు తిరిగి, "నువ్వు పుస్తకంలో చదివావు కదా, చెప్పు. ఇది నిజమేనా?" అన్నారు.

"నా పుస్తకంలో అమావాస్య లేదండి," అన్నాడు కుర్రవాడు. "కానీ లెక్క మాత్రం తప్పడం లేదు. నేను ఆరుసార్లు ఒకే మాట రాశాను. ఆరుసార్లు రాస్తే నిజమవుతుందనుకున్నాను."

అతని మీద నాకున్న గౌరవం ఆ మాటతో పెరిగింది. ఏడాది తిరక్కముందే అతను రేషన్ ఆఫీసులో మంచి ఉద్యోగంలో చేరాడు.

అధ్యక్షులు మాత్రం దిగిరాలేదు. "లెక్కలు ఎన్నయినా కుదురుతాయి. నీ మాట మీద ముద్రలు తీసేస్తే రేపు నూలు ఎక్కడుంటుందో దేవుడికే తెలియాలి."

అప్పుడు నేతగాడు అన్న మాటలు నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. పరీక్ష అసలు అక్కడే పూర్తయిందని నా అభిప్రాయం.

"నా మాట నమ్మొద్దండి. మా వీధికి రెండు వరసలున్నాయి. వచ్చే అమావాస్యకి ఒక వరసకి ముద్ర వెయ్యండి, ఒక వరసకి మానెయ్యండి. చీరలు వచ్చాక చూడండి."

"మీ ఇల్లు ఏ వరసలో ఉంది?" అన్నారు అధ్యక్షులు.

"ఎడమ వరసలో. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మా తమ్ముడు నా మంచి కోరి ఏమైనా చేస్తాడు. ఇంకోటండి, ఎందుకు చేస్తున్నారో వీధిలో చెప్పకండి. చెబితే జాగ్రత్తపడతారు. అప్పుడు మనకి తెలిసేది వాళ్ళ జాగ్రత్త సంగతే, ముద్ర సంగతి కాదు."

అధ్యక్షులు బల్ల మీది చీరలను ఒక పక్కకు నెట్టారు. చివరికి, "అందాకా ఉద్యోగం ఎవరికీ లేదు," అని లేచారు.

నేను లేవలేదు. మూడో మనిషిగా నా అభిప్రాయం రాసి ఇమ్మన్నారు కాబట్టి రాశాను: ఉద్యోగం నేతగాడికి ఇవ్వాలి, అమావాస్య ఫలితం ఎలా వచ్చినా సరే. ఎందుకంటే అతను తన లెక్క తప్పయితే ఎలా బయటపడుతుందో తానే చెప్పాడు. కార్యదర్శి అది చదివి మడిచి ఫైల్లో పెట్టారు. అధ్యక్షులు చదివారో లేదో నాకు తెలియదు. మిల్లు నూలు మీద వార్త మాత్రం నేను పంపలేదు.

ఆ నెలంతా నేతగాడు కండెలు చుడుతూనే ఉన్నాడు. వేరే వార్త కోసం ఆ పక్కకు వెళ్ళినప్పుడు ఒకసారి చూశాను. అరుగు మీద భార్య పక్కన కూర్చుని రాట్నం తిప్పుతున్నాడు. వీధిలో ఎవరో పోతూ, "ఎగ్జామినరుగారూ, మా కండె కూడా కాస్త పరీక్షించండి," అన్నారు. అతను నవ్వాడు. అతని భార్య నవ్వలేదు.

"మీరైనా చెప్పండి బాబూ," అంది ఆవిడ నాతో. "నోరు మూసుకుంటే ఉద్యోగం వచ్చేది కదా."

"చార ఆగేది కాదుగా," అన్నాడు అతను.

"చార మనింట్లో అన్నం తింటోందా?"



అమావాస్య వచ్చింది, వెళ్ళింది. చీరలు డిపోకు వచ్చేదాకా ఆగకుండా, వారం రోజులకు అధ్యక్షులే వీధికి వచ్చారు. చెప్పినంత మాత్రాన నమ్మే మనిషి కాదు కదా. కార్యదర్శి, నేను వెంట ఉన్నాం. ఇంటింటికీ వెళ్ళి చీర విప్పించి, ఎండకు పట్టి చూశారు. ముద్ర లేని ఎడమ వరసలో ఎక్కడా చార లేదు. ముద్ర వేసిన కుడి వరసలో ఇంటింటా ఉంది. ఒక్క ఇంట్లో తప్ప.

ఆ ఇల్లు ఒక ముసలి నేతగాడిది. చీర అద్దంలా ఉంది. అధ్యక్షుల కళ్ళల్లో వెలుగు వచ్చింది. "ఇదిగో. ముద్ర వేసిన మగ్గం ఇది. చార లేదు. ఇప్పుడేమంటావు?"

నేతగాడు వీధిలోంచి మెల్లగా వచ్చాడు. చీర చూశాడు, ముడి మీద మిగిలిన లక్క మరక చూశాడు, గుంజ చుట్టూ ఒకసారి తిరిగాడు. గుంజ మొదట్లో నేల తవ్వి మళ్ళీ పూడ్చిన మట్టి ఇంకా గుల్లగా ఉంది.

"పెదనాన్నా, గుంజ పీకావా?"

"పీకక మరి?" అన్నాడు ముసలాయన, అధ్యక్షుల వైపు చూడకుండా. "యాభై ఏళ్ళుగా అమావాస్యకి పడుగు వదులుతున్నాను. లక్క పోశారని మానతానా? ముద్ర ముడికి వేశారు, ముడి నేను ముట్టుకోలేదు. గుంజకి వెయ్యలేదు కదా. అయినా రెండు నెలలుగా ఇదే చేస్తున్నాను. మీ మేస్త్రీ ముద్ర చూసి భలే అని వెళుతున్నాడు."

అధ్యక్షులు గుంజ వైపు చూశారు. గుంజ పీకి పడుగు వదులు చేయగలిగినవాడు గుంజ పీకి పడుగే మార్చేయగలడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఉన్నట్టుండి నవ్వారు. ఆయన నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

"అంటే ఇన్నాళ్ళూ నేను కాపలా కాసింది లక్కకన్నమాట."

ఆయన నేతగాడి వైపు తిరిగారు. "సోమవారం డిపోకి రా. పొద్దున్నే రావాలి. అక్కడ నేను బాబాయిని కాదు, గుర్తుందిగా?"

"గుర్తుందండి."

"మీ తమ్ముడి చీర నేనే చూస్తాను. నువ్వు ముట్టుకోకు."

"ముట్టుకోనండి. కానీ దాంట్లో అంచు కాస్త వదులుగా ఉంది. కుడివైపు అంచు. మీరు చూసేటప్పుడు అది వదిలెయ్యకండి."

ఎదురింటి అరుగు మీద అతని భార్య రాట్నం ఆపి కూర్చుని ఉంది. ఆ మాట విని ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, సోమవారానికి అతను వేసుకోవలసిన చొక్కా తీసి దండెం మీద ఆరవేసింది.